స్ఫటికంలో సౌష్ఠవం లోపిస్తే సూపర్‌కండక్టర్ అంత అయస్కాంత క్షేత్రాన్ని ఎలా తట్టుకుంటుంది?

ఒక ఎమ్మెస్సీ విద్యార్థి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "అయస్కాంత క్షేత్రం పెంచుతూ పోతే సూపర్‌కండక్టర్ (నిరోధం లేకుండా కరెంట్ మోసే పదార్థం) మామూలు లోహం అయిపోతుందని, దానికి పౌలీ హద్దు అనే లెక్క ఉందని చదువుకున్నాం. కానీ కొన్ని పదార్థాలు ఆ హద్దుకి ఐదారు రెట్లు తట్టుకుంటున్నాయని, దానికి కారణం స్ఫటికంలో సౌష్ఠవం లేకపోవడమేనని పేపర్లలో రాస్తున్నారు. పరమాణువుల అమరికలో ఏదో లోపిస్తే ఎలక్ట్రాన్ జంటకి అదనపు బలం ఎక్కడినుంచి వస్తుంది? ఇలాంటివాటితో ఎమ్మారై అయస్కాంతాలు చేయొచ్చా?"

బలం రాదండీ. జంటని కలిపి ఉంచే శక్తి ఉన్నంతే ఉంటుంది. ఈ పదార్థాల్లో చాలావాటికి అది నిజానికి తక్కువే. సౌష్ఠవం పోవడం వల్ల జరిగేది వేరు: క్షేత్రానికి ఆ జంట మీద పట్టు దొరకదు. అదీ అన్ని దిశల్లో కాదు, కొన్ని దిశల్లోనే. కాబట్టి "ఎన్ని టెస్లాలు తట్టుకుంది?" అని అడిగిన వెంటనే "క్షేత్రం ఏ దిశలో పెట్టారు?" అని కూడా అడగాలి. రెండోది అడగకపోతే మొదటిదానికి అర్థమే లేదు.

ముందు క్షేత్రం సూపర్‌కండక్టర్‌ని ఎలా దెబ్బతీస్తుందో చూద్దాం. దారులు రెండు.

మొదటిది ఎలక్ట్రాన్ కదలిక మీద పడే దెబ్బ. క్షేత్రం వోర్టెక్సులుగా, అంటే సన్నని సుడులుగా, పదార్థంలోకి దూరుతుంది. ఒక్కో సుడి మోసే ఫ్లక్స్ స్థిరం, 2.07 × 10⁻¹⁵ వెబర్లు. సుడి నడిబొడ్డున కొహెరెన్స్ దూరం (ఒక ఎలక్ట్రాన్ జంట పరుచుకుని ఉండే దూరం) అంత మేర సూపర్‌కండక్టివిటీ ఉండదు. క్షేత్రం పెరిగేకొద్దీ సుడులు దగ్గరపడి, చివరికి ఒకదాని మీద ఒకటి ఎక్కితే కథ ముగిసినట్టే. ఆ ఫ్లక్స్‌ని 2π తోనూ కొహెరెన్స్ దూరం వర్గంతోనూ భాగిస్తే హద్దు వస్తుంది. కొహెరెన్స్ దూరం 10 నానోమీటర్లైతే సుమారు 3.3 టెస్లాలు, 3 నానోమీటర్లైతే 36 పైన. దీన్ని ఆర్బిటల్ హద్దు అంటారు.

రెండోది స్పిన్ మీద, అంటే ప్రతి ఎలక్ట్రాన్‌కీ ఉండే చిన్న అయస్కాంతం లాంటి గుణం మీద, పడే దెబ్బ. కూపర్ జంటలో (సూపర్‌కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు కట్టే జంట పేరు ఇదే) రెండు ఎలక్ట్రాన్లు ఎదురెదురు ద్రవ్యవేగాలతో, ఎదురెదురు స్పిన్‌లతో ఉంటాయి. క్షేత్రం పెడితే రెండు స్పిన్‌లూ ఒకే వైపుకి తిరగాలని చూస్తాయి, అలా తిరిగితే శక్తి తగ్గుతుంది కాబట్టి. జంటగా ఉన్నంతకాలం అది కుదరదు. జంట కట్టినందువల్ల మిగిలే శక్తి కన్నా స్పిన్‌లు తిరిగితే మిగిలే శక్తి ఎక్కువైన చోట జంట విడిపోతుంది. ఈ లెక్కని 1962లో క్లాగ్‌స్టన్, చంద్రశేఖర్ విడివిడిగా కట్టారు. సాధారణ బీసీఎస్ (బార్డీన్, కూపర్, ష్రీఫర్ సిద్ధాంతానికి లొంగే) సూపర్‌కండక్టర్‌కి ఆ హద్దు టెస్లాల్లో దాదాపు 1.84 × సందిగ్ధ ఉష్ణోగ్రత (పదార్థం సూపర్‌కండక్టర్ అయ్యే ఉష్ణోగ్రత, కెల్విన్‌లలో). 1 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అయ్యే పదార్థానికి 1.84 టెస్లాలు, 10 కెల్విన్‌ల దానికి 18 పైచిలుకు. మీరు అడిగిన పౌలీ హద్దు ఇదే.

ఈ రెండిట్లో ఏది ముందొస్తే అదే పని ముగిస్తుంది. సౌష్ఠవం సంగతి రెండోదానికే సంబంధించింది, ఆర్బిటల్ హద్దుకి దానితో నేరుగా పని లేదు. చాలామంది తికమకపడేది ఇక్కడే.

ఇక సౌష్ఠవం. ఇక్కడ మాట్లాడుతున్నది విలోమ సౌష్ఠవం. స్ఫటికంలో ఒక బిందువు పట్టుకుని, ఇటువైపు ఎంత దూరంలో ఏ పరమాణువు ఉందో సరిగ్గా ఎదురు దిక్కున అంతే దూరంలో అదే పరమాణువు ఉంటే, ఆ స్ఫటికానికి విలోమ కేంద్రం ఉన్నట్టు. అలాంటి బిందువు ఎక్కడా దొరక్కపోతే లేనట్టు.

ఉన్నప్పుడు ఏమవుతుందంటే, విలోమం ప్రకారం ఒక ద్రవ్యవేగంతో పై-స్పిన్ ఎలక్ట్రాన్‌కి ఎంత శక్తో, ఎదురు ద్రవ్యవేగంతో పై-స్పిన్‌కీ అంతే శక్తి. కాలాన్ని వెనక్కి తిప్పితే వచ్చే సౌష్ఠవం ఇంకోటుంది. దాని ప్రకారం ఆ శక్తే ఎదురు ద్రవ్యవేగంతో కింది-స్పిన్‌కీ ఉండాలి. రెండూ కలిపితే ఏ ద్రవ్యవేగం దగ్గరైనా పై-స్పిన్‌కీ కింది-స్పిన్‌కీ తేడా ఉండదు. అంటే స్పిన్‌కి సొంత దిశంటూ లేదు, బయటి క్షేత్రం ఎటు లాగితే అటు వస్తుంది.

విలోమ కేంద్రం పోతే మొదటి సమానత్వం పోతుంది, రెండోది మిగులుతుంది. స్ఫటికంలో ఒకవైపుకి మొగ్గిన విద్యుత్ క్షేత్రం ఉంటుంది. దానిలో పరుగెత్తే ఎలక్ట్రాన్‌కి అదే ఒక అయస్కాంత క్షేత్రంలా తగులుతుంది. స్పిన్-ఆర్బిట్ ప్రభావం అంటే ఇదే. బరువైన పరమాణువులుంటే ఇది ఇంకా గట్టిగా ఉంటుంది. ఈ లోపలి క్షేత్రం ద్రవ్యవేగాన్ని బట్టి మారుతుంది, ద్రవ్యవేగం తిరగబడితే అదీ తిరగబడుతుంది. కాబట్టి జంటలో ఒకదాని స్పిన్ ఒకవైపు, రెండోదాని స్పిన్ ఎదురువైపు ముందే బిగుసుకుని ఉంటాయి. కూపర్ జంటకి కావలసిందీ అదే కదా.

ఇప్పుడు అసలు లెక్క. చిన్నదే, కాగితం మీద వేసి చూడండి. జంటలో ఒక ఎలక్ట్రాన్ మీద లోపలి క్షేత్రం నిట్టనిలువుగా పైకి 100 టెస్లాలు, రెండోదాని మీద కిందికి 100 టెస్లాలు అనుకోండి. మాలిబ్డినం డైసల్ఫైడ్ లాంటి పదార్థాల్లో వచ్చే అంచనాలు ఈ స్థాయిలోనే ఉంటాయి. బయట నుంచి 10 టెస్లాలు పెడదాం.

మొదట నిలువుగా పెడితే: ఒకదాని మీద 110, రెండోదాని మీద 90. రెండిటి శక్తుల మధ్య 20 టెస్లాలకి సమానమైన తేడా వచ్చింది. లోపలి క్షేత్రమే లేని మామూలు పదార్థంలో కూడా సరిగ్గా ఇంతే తేడా వచ్చేది. అంటే ఈ దిశలో అసౌష్ఠవం మనకి చేసిన మేలు సున్నా.

అదే 10 టెస్లాలు అడ్డంగా పెడితే: ఒకదానికి పైకి 100, పక్కకి 10. రెండోదానికి కిందికి 100, పక్కకి 10. రెండిటి పరిమాణమూ 100.5. శక్తుల్లో తేడా లేదు! స్పిన్‌లు మాత్రం చెరో 6 డిగ్రీల దాకా పక్కకి వాలాయి, అంతే. ఈ వాలు వల్ల మిగిలే శక్తి జంటగా ఉన్నప్పుడూ దక్కుతుంది, విడిపోయినా దాదాపు అంతే దక్కుతుంది. మరి విడిపోవడమెందుకు? పౌలీ లెక్క నిలబడేదే "మామూలు స్థితికి మారితే అదనంగా ఏం మిగులుతుంది?" అన్న ప్రశ్న మీద. ఇక్కడ మిగిలేది నామమాత్రం. పట్టు దొరకదని మొదట అన్నది దీని గురించే.

లోపలి క్షేత్రం ఎటు చూస్తుందనేది స్ఫటికంలో ఏ సౌష్ఠవం పోయిందనేదాన్ని బట్టి ఉంటుంది. ముఖ్యంగా రెండు రకాలు చూస్తాం.

ఒకటి ఇప్పుడు లెక్క వేసిందే, ఐసింగ్ రకం. ఒకే ఒక పొర ఉన్న నియోబియం డైసెలినైడ్ దీనికి మంచి ఉదాహరణ. ముద్దగా ఉన్నప్పుడు దీనికి విలోమ కేంద్రం ఉంది, 7.2 కెల్విన్‌ల దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుంది. ఒక్క పొర ఒలిచి తీస్తే ఆ కేంద్రం పోతుంది, సందిగ్ధ ఉష్ణోగ్రత 3 కెల్విన్‌ల దగ్గరికి పడిపోతుంది. పౌలీ లెక్క ప్రకారం 5.5 టెస్లాలకి చచ్చిపోవాలి. పొర తలానికి సమాంతరంగా క్షేత్రం పెడితే ఆ హద్దుకి ఆరు రెట్లు దాటుతుందని 2016లో ప్రచురించారు. విద్యుత్ గేట్‌తో (వోల్టేజీ పెట్టి ఎలక్ట్రాన్లని చేర్చి) సూపర్‌కండక్టర్‌గా మార్చిన మాలిబ్డినం డైసల్ఫైడ్‌లో 50 టెస్లాల పైన కూడా సూపర్‌కండక్టివిటీ నిలిచిందని దాదాపు అదే సమయంలో చూపించారు. పొర అంత పలచగా ఉంటే తలానికి సమాంతరమైన క్షేత్రం సుడులు తిప్పడానికి చోటు లేదు, కాబట్టి ఆర్బిటల్ హద్దు కూడా అడ్డురాదు. రెండు దారులూ ఒకేసారి మూసుకుపోవడం వల్లే అంతంత అంకెలు వచ్చాయి. ఈ రెండో సగాన్ని జనం తరచు మర్చిపోతారు.

రెండోది రాష్బా రకం. స్ఫటికంలో పైకీ కిందికీ తేడా ఉంటే వచ్చేది. ఇక్కడ స్పిన్‌లు తలంలోనే పడుకుని, ద్రవ్యవేగానికి లంబంగా చుట్టూ తిరుగుతూ ఉంటాయి. కాబట్టి వరస తారుమారు: నిలువుగా పెట్టిన క్షేత్రం అన్ని స్పిన్‌లకీ లంబం, అక్కడ రక్షణ పూర్తిగా ఉంటుంది. అడ్డంగా పెడితే కొన్ని స్పిన్‌లకి లంబం, కొన్నిటికి సమాంతరం, రక్షణ సగం సగమే. ఆదర్శ పరిస్థితిలో పౌలీ హద్దు √2 రెట్లు పెరుగుతుందని సిద్ధాంతం చెబుతుంది, అంటే 40 శాతం చిల్లర. ఐసింగ్‌లో వచ్చే ఆరు రెట్లతో పోలిస్తే ఇది ఏపాటి?

ఈ రంగం ఊపందుకున్నది 2004లో. వియన్నాలో బవర్ బృందం సీరియం, ప్లాటినం, సిలికాన్ కలిసిన ఒక పదార్థంలో (ఒక సీరియంకి మూడు ప్లాటినం, ఒక సిలికాన్) 0.75 కెల్విన్‌ల దగ్గర సూపర్‌కండక్టివిటీ కనుక్కున్నారు. దానికి విలోమ కేంద్రం లేదు. పౌలీ హద్దు 1.4 టెస్లాలు ఉండాల్సింది, వాళ్లు అంచనా కట్టింది 5 దాకా. అప్పటికే 2001లో గోర్కోవ్, రాష్బా ఇద్దరూ ఒక సంగతి చెప్పి ఉన్నారు: విలోమం లేనప్పుడు జంటని "సింగ్లెట్" (స్పిన్‌లు ఒకదాన్నొకటి రద్దు చేసుకునేది), "ట్రిప్లెట్" (రద్దు చేసుకోనిది) అని వేరుచేసి చెప్పలేం, రెండూ కలిసిపోతాయి. దాంతో ఒక్కసారిగా అందరి చూపూ ఇటు మళ్లింది.

తమాషా ఏమిటంటే, ఆ మొదటి పదార్థమే సిద్ధాంతానికి సరిగ్గా లొంగలేదు. ఒంటి స్ఫటికాలు చేసి దిశ మార్చి కొలిస్తే, రాష్బా లెక్క చెప్పినంత తేడా నిలువుకీ అడ్డానికీ మధ్య కనబడలేదు. పాఠ్యపుస్తకంలా ప్రవర్తించినవి దాని దాయాదులు: సీరియం-రోడియం-సిలికాన్, సీరియం-ఇరిడియం-సిలికాన్. రెండిట్లోనూ ఇది బాగా కనబడాలంటే రెండు గిగాపాస్కల్‌లకి మించిన పీడనం కావాలి, అంటే వాతావరణ పీడనానికి ఇరవై వేల రెట్ల పైమాట. ఆ పీడనంలో ఇరిడియంది 1.6 కెల్విన్‌ల దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుంది. పౌలీ హద్దు 3 టెస్లాలు. అడ్డంగా పెడితే 10 టెస్లాల లోపే పోతుంది, నిలువుగా పెడితే 30 టెస్లాల పైమాటే. ఒకే స్ఫటికం, ఒకే పీడనం, తిప్పినది దిశ ఒక్కటే. ఈ పదార్థాల్లో ఎలక్ట్రాన్లు వాటి అసలు బరువుకి ఎన్నో రెట్లు బరువున్నట్టు మెల్లగా కదులుతాయి, అందుకని కొహెరెన్స్ దూరం చిన్నది, ఆర్బిటల్ హద్దు చాలా పైన. ఇక్కడా రెండు దారులూ మూసుకున్నాయి, మూసిన పద్ధతి వేరు.

ఇంకో చిత్రం ఉంది, నాకు ఈ మొత్తంలో బాగా నచ్చేది ఇదే. స్ఫటికం మొత్తానికి విలోమ కేంద్రం ఉండి, లోపల ఒక్కో పొరకి మాత్రం లేకపోతే? సీరియం-రోడియం-ఆర్సెనిక్ పదార్థం (ఒకటి, రెండు, రెండు నిష్పత్తిలో) అలాంటిది. ఒక సీరియం పొరకి రాష్బా క్షేత్రం ఒకవైపు, పక్క పొరకి సరిగ్గా ఎదురువైపు, మొత్తం కలిపితే సున్నా. ఇది 0.26 కెల్విన్‌ల దగ్గర గానీ సూపర్‌కండక్టర్ కాదు. పౌలీ లెక్క ప్రకారం అర టెస్లాకి ముగియాలి. 2021లో డ్రెస్డెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ బృందం దీన్ని కొలిస్తే, నిలువు దిశలో 14 టెస్లాల దాకా నిలిచింది. అంతకన్నా పెద్ద విషయం: 4 టెస్లాల దగ్గర సూపర్‌కండక్టివిటీ ఉండగానే ఇంకో దశలోకి మారింది. తక్కువ క్షేత్రంలో అన్ని పొరల్లోనూ జంటల తరంగానికి ఒకే గుర్తు, ఎక్కువ క్షేత్రంలో ఒక పొర ప్లస్ అయితే పక్క పొర మైనస్ అని వాళ్ల వివరణ. పొరల పదార్థాల్లో ఇలా జరగవచ్చని 2012లోనే యోషిదా, సిగ్రిస్ట్, యనాసే సిద్ధాంతంగా రాశారు. అడ్డంగా పెడితే మాత్రం 2 టెస్లాల దగ్గర అయిపోతుంది, ఆ మలుపు కూడా కనబడదు. అందులోనే ఉన్న ఇతర క్రమాల (అయస్కాంత అమరిక లాంటివాటి) పాత్ర ఎంత అన్నదాని మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి దీన్ని తేలిపోయిన వ్యవహారంగా తీసుకోవద్దు.

అడ్డంగా పెట్టిన రాష్బా విషయంలో ఒక సంగతి మిగిలిపోయింది. తలంలో ఒకవైపుకి క్షేత్రం పెడితే ఎలక్ట్రాన్ల ఫెర్మీ వలయం (ఎలక్ట్రాన్లు నిండిన ద్రవ్యవేగాలకీ ఖాళీవాటికీ మధ్య హద్దు) మొత్తం ఒక పక్కకి జరుగుతుంది. అప్పుడు జంట కట్టే రెండు ఎలక్ట్రాన్ల ద్రవ్యవేగాలూ కలిపితే సున్నా రాదు, జంటకే కొంత ద్రవ్యవేగం మిగులుతుంది. దీన్ని హెలికల్ దశ అంటారు. ఇలా విలోమమూ కాలసౌష్ఠవమూ రెండూ పోతే ఎడమకి పారే సూపర్ కరెంట్‌కీ కుడికి పారేదానికీ తేడా రావచ్చు. 2020లో క్యోటోలో నియోబియం, వనేడియం, టాంటలం పొరలని అదే వరసలో మళ్లీ మళ్లీ పేర్చి (వరస వల్లే పైకీ కిందికీ తేడా వచ్చింది) క్షేత్రం పెట్టి చూపించారు: ఒకవైపు నిరోధం సున్నా, అదే కరెంట్ రెండోవైపు పంపితే నిరోధం. క్షేత్రం దిశ తిప్పితే ఆ వైపు కూడా మారిపోయింది. దీన్ని సూపర్‌కండక్టింగ్ డయోడ్ అంటారు. హెలికల్ దశే కారణమా అన్నది ప్రతి పరికరానికీ విడిగా తేల్చుకోవాల్సిందే. సుడులు అంచుల దగ్గర ఒకవైపు సులువుగా దూరినా ఇలాంటి ఫలితమే వస్తుంది.

ఇక పేపర్లు చదివేటప్పుడు పనికొచ్చే మాట. పౌలీ హద్దు దాటింది కాబట్టి ట్రిప్లెట్ అనో, అసౌష్ఠవం అనో తేల్చేయకండి. మలినాల వల్ల స్పిన్‌లు దారి తప్పడం (స్పిన్-ఆర్బిట్ స్కాటరింగ్) కూడా హద్దుని పెంచుతుంది, ఇది 1975 నాటికే లెక్కగట్టిన సంగతి. జంట కట్టించే బంధం (కప్లింగ్) బలంగా ఉన్నా 1.84 అనే గుణకం మారుతుంది. యురేనియం డైటెల్లురైడ్‌నే చూడండి, విలోమ కేంద్రం నిక్షేపంగా ఉంది, అయినా కొన్ని దిశల్లో 60 టెస్లాలు దాటింది. అక్కడ ట్రిప్లెట్ అనుమానానికి ఆధారాలు వేరు.

దీనికి ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి, అవి మన దేశంలోనివే. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పెంచిన బిస్మత్-పల్లాడియం స్ఫటికానికి విలోమ కేంద్రం లేదు, బిస్మత్ బరువైనదే, సందిగ్ధ ఉష్ణోగ్రత 3.7 కెల్విన్‌ల దగ్గర. పౌలీ హద్దు 7 టెస్లాలకి దగ్గర. కానీ అది తట్టుకునేది 1 టెస్లా కూడా లేదు. ఆర్బిటల్ హద్దు అంత కిందే ఉంది మరి. అసౌష్ఠవం ఎంత ఉన్నా ఆ తలుపు తెరిచే ఉంటే లాభం లేదు. భోపాల్ ఐసర్ వాళ్లు చేసే రీనియం-జిర్కోనియం కూడా ఈ కోవలోదే: సందిగ్ధ ఉష్ణోగ్రత 6.75 కెల్విన్‌లు, తట్టుకునేది సుమారు 12 టెస్లాలు, అంటే పౌలీ హద్దు అంచున. దాన్ని ప్రసిద్ధం చేసింది ఈ అంకె కాదు. సూపర్‌కండక్టర్ అవుతూనే లోపల తనంతట తనే చిన్న అయస్కాంత క్షేత్రం పుట్టినట్టు మ్యూయాన్ ప్రయోగాల్లో కనబడటం.

ఇంకోటి, కొలిచేవాళ్లకి బాగా తెలిసి పేపర్లో ఒక్క వాక్యంగా మిగిలిపోయేది: వాలు. ఒంటి పొర నమూనాకి నిలువు దిశలో ఆర్బిటల్ హద్దు 3 టెస్లాలు అనుకోండి. సమాంతరంగా 30 టెస్లాలు పెట్టామనుకుంటూ నమూనా 1 డిగ్రీ వాలి ఉంటే, నిలువు దిశలో పడేది 0.52 టెస్లా. పర్లేదు. 5 డిగ్రీలు వాలితే 2.6 టెస్లాలు, దాదాపు హద్దు దగ్గరికి వచ్చేసినట్టే. నమూనా పెట్టే ప్లేట్ కింద జిగురు ఒక పక్క కాస్త మందంగా పడితే చాలు, ఆ వాలు వచ్చేస్తుంది. అందుకే మంచి పేపర్లో కోణం మార్చుతూ గీసిన గ్రాఫ్ ఉంటుంది, శిఖరం సరిగ్గా సున్నా డిగ్రీల దగ్గర సూదిలా నిలబడుతుంది. ఆ గ్రాఫ్ లేకుండా పెద్ద అంకె ఒక్కటే ఇస్తే నేనైతే నమ్మను. అలాగే క్రిటికల్ ఫీల్డ్ (సూపర్‌కండక్టివిటీ పోయే క్షేత్రం) ఎక్కడ తీసుకున్నారో చూడండి: నిరోధం సున్నా వీడిన చోటా, సగానికి చేరిన చోటా, తొంభై శాతం చేరిన చోటా? పలచటి పొరల్లో ఈ మార్పు సాగుతూ సాగుతూ వస్తుంది కాబట్టి, ఎంచుకున్న చోటుని బట్టి అంకె బాగానే మారిపోతుంది.

ఎమ్మారై సంగతి. వద్దు, ఆశ పెట్టుకోకండి. అక్కడ వాడే నియోబియం-టైటానియం తీగకి సందిగ్ధ ఉష్ణోగ్రత 9 కెల్విన్‌ల పైన, కావలసింది 1.5 లేదా 3 టెస్లాలు. పౌలీ హద్దు 17 దాకా ఉంది, అది ఎవరికీ అడ్డం కాదు. తీగ తయారుచేసేవాళ్ల తలనొప్పి సుడులని కదలకుండా పట్టి ఉంచడం, అంటే ఎంత కరెంట్ మోయగలదన్నది. మనం మాట్లాడుకున్నవాటిలో బలమైన క్షేత్రాన్ని తట్టుకునేవి కెల్విన్‌కి అటూ ఇటూ ఉష్ణోగ్రతల్లో, పీడనంలో, లేదా ఒక్క పొర మందంలో బతికేవి. వీటి ఉపయోగం వేరేచోట: తలానికి సమాంతరంగా కొన్ని టెస్లాలు పెట్టి కూడా సూపర్‌కండక్టివిటీ పోకూడదనుకునే పలచటి పరికరాల్లో, ఆ డయోడ్ లాంటి వాటిలో. మీరు ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ కోసం చూస్తుంటే, పైన వేసిన 100, 10 టెస్లాల లెక్కనే మొత్తం ఫెర్మీ వలయం మీద రాష్బా క్షేత్రంతో, దిశ మార్చుతూ కంప్యూటర్లో వేయండి. మామూలు ల్యాప్‌టాప్ చాలు.